"సర్వర్ రావట్లేదు" అంటే ఏ సర్వర్? రేషన్, పింఛను, ఓటీపీ దగ్గర పని ఆగిపోతే ఏం చేయాలి

ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం నుంచి పింఛను తెచ్చిన ఉద్యోగి పెద్దావిడ చేత మూడుసార్లు వేలు పెట్టిస్తాడు. మిషన్‌లో ఎర్ర అక్షరాలు వస్తాయి. "సర్వర్ రావట్లేదు మామ్మా, మధ్యాహ్నం మళ్లీ వస్తా" అని పక్కింటికి వెళ్లిపోతాడు. రేషన్ డిపోలో డీలరు నోట కూడా అదే మాట. కస్టమర్ పాయింట్‌లో డబ్బులు తీసుకునేటప్పుడూ అదే మాట.

మాట ఒకటే, కానీ దాని వెనక ఉండే తప్పులు మూడు రకాలు. మొదటి రకమైతే కాసేపు ఆగితే చాలు. రెండో రకమైతే ఎన్ని రోజులు ఆగినా తగ్గదు, ఆధార్ వివరాలు సరిచేయించుకోవాలి. మూడో రకమైతే ఆధార్ కేంద్రం చుట్టూ తిరిగినా ఉపయోగం లేదు, శాఖ జాబితాలోనే తేడా ఉంటుంది. ఏ రకమో తెలియక చాలామంది నెలల తరబడి తప్పు గుమ్మం ముందు నిలబడుతున్నారు. అందుకే ఈ పాఠం.

వేలు పెట్టాక ఏం జరుగుతుంది?

మిషన్‌లో మీ వివరాలేమీ దాచి ఉండవు. మీ ఆధార్ నంబరు, వేలిముద్ర కలిపి మిషన్‌లోని సిమ్ ద్వారా ముందు శాఖ సర్వర్‌కి వెళ్తాయి. అక్కడి నుంచి ఆధార్ సంస్థ డేటాబేస్‌కి వెళ్తాయి. ఆ సంస్థ డేటా కేంద్రాలు బెంగళూరులో, హర్యానాలోని మానేసర్‌లో ఉన్నాయి. మీరు ఆధార్ తీసుకున్నప్పుడు ఇచ్చిన ముద్రతో ఇప్పటి ముద్రను అక్కడ పోల్చి, "సరిపోయింది" లేదా "సరిపోలేదు" అని జవాబు పంపుతారు. సరిపోయింది అని వస్తే శాఖ సర్వర్ తన జాబితాలో మీ కార్డు, మీ పింఛను ఐడీ వెతుకుతుంది. ఉంటే స్లిప్పు వస్తుంది. అన్నీ సక్రమంగా ఉంటే ఇదంతా కొన్ని సెకన్ల పని.

కాబట్టి దారి మధ్యలో తెగొచ్చు, లేదా అక్కడి దాకా వెళ్లి మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, లేదా గుర్తుపట్టాక జాబితాలో మీ పేరు దొరకకపోవచ్చు.

దారి తెగితే

స్క్రీన్ మీద "టైమ్ అవుట్", "కనెక్షన్ ఫెయిల్డ్", "సర్వర్ నాట్ రెస్పాండింగ్", "అనేబుల్ టు కనెక్ట్" లాంటి మాటలుంటే మీ వేలిలో తప్పు లేదు, మీ ఆధార్‌లోనూ తప్పు లేదు. మీ ప్రశ్న అవతలికి చేరలేదు, లేదా జవాబు వెనక్కి రాలేదు. అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారులు 60 లక్షలకు పైనే. వారిలో చాలామందికి ఒకటో తారీఖు పొద్దున్నే పంపిణీ మొదలవుతుంది. ఒకే తలుపులోంచి ఊరంతా దూరినట్టు, ఆ రెండు మూడు గంటలు సర్వర్ నెమ్మదిస్తుంది. తొమ్మిది, పది దాటాక అదే మిషన్ చక్కగా పనిచేయడం మీరూ చూసే ఉంటారు.

ఒక చిన్న పరీక్ష ఉంది. వరుసలో మీ ముందున్న వాళ్లకి, వెనకున్న వాళ్లకి కూడా పడట్లేదా? అయితే అది సిగ్నల్ తప్పో, సర్వర్ తప్పో. అందరికీ పడి మీకొక్కరికే పడకపోతే "సర్వర్" అనే మాట నమ్మకండి. తప్పు ఇంకోచోట ఉంది, కింద చూడండి.

సిగ్నల్ తప్పయితే మిషన్‌ని ఆరుబయటికి తెచ్చి చూడమని అడగండి. ఇంకో కంపెనీ సిమ్ ఉంటే అది వేయమనండి, లేదా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపమనండి. రేషన్‌కైతే ఇంకో మార్గం కూడా ఉంది. మన రాష్ట్రంలో కార్డుదారులు ఏ డిపోలోనైనా సరుకులు తీసుకోవచ్చు, సొంత డిపోలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. పక్క ఊరి డిపోలో సిగ్నల్ బాగుంటే అక్కడికి వెళ్లండి, అక్కడి డీలరు కాదనకూడదు. హైదరాబాద్ పనులకు వెళ్లిన మన వాళ్లలో జాతీయ ఆహార భద్రత చట్టం కింద కార్డున్న వాళ్లు అక్కడా తీసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఈ వెసులుబాటు 2019 ఆగస్టులోనే మొదలైంది.

గుర్తుపట్టకపోతే

చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. ప్రశ్న అవతలికి చేరింది, జవాబు కూడా వచ్చింది, కానీ ఆ జవాబు "కాదు" అని. ఇలాంటప్పుడు మిషన్‌లో సాధారణంగా ఒక నంబరు కూడా కనిపిస్తుంది. ఆ నంబరు అడిగి రాసుకోండి. సిగ్గుపడక్కర్లేదు, మీ పని ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికే కదా. ఈ నంబర్లు ఆధార్ సంస్థ పెట్టినవి, దేశమంతా ఒకటే.

300 అని వస్తే వేలిముద్ర సరిపోలేదని అర్థం. సిమెంటు పని, బీడీలు చుట్టడం, అంట్లు తోమడం, పొలం పని చేసేవాళ్లకి గీతలు అరిగిపోతాయి. వయసు మీద పడ్డా అంతే. చేతులు కడుక్కుని తుడుచుకుని పెట్టండి. మరీ పొడిగా ఉంటే కొంచెం తడి చేసుకోండి. గట్టిగా నొక్కితే గీతలు చెదిరిపోతాయి, మెల్లగా ఆనించాలి. మిషన్ అద్దం మీద మురికి ఉంటే తుడవమనండి. ఎప్పుడూ బొటనవేలే పెట్టాలని లేదు. పది వేళ్లలో ఏది బాగా పడుతుందో ఒకసారి చూసి, ఆ వేలు గుర్తు పెట్టుకోండి. అయినా పడకపోతే కంటి పాపతో, ముఖంతో, ఓటీపీతో ప్రయత్నించమని అడగండి. ప్రతి నెలా ఇదే తంతు అయితే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా నమోదు చేయించుకోవాలి. నాలుగేళ్లు తిట్టుకుంటూ గడిపేకంటే ఒక పూట పని మానుకుని వెళ్లొస్తే మేలు.

330 అని వస్తే మీ బయోమెట్రిక్‌కి తాళం వేసి ఉందని అర్థం. మోసాల భయంతో ఇంట్లో చదువుకున్న పిల్లలు ఎమ్‌ఆధార్ యాప్‌లో తాళం వేసి, పండగ సెలవులు అయ్యాక బెంగళూరు వెళ్లిపోతారు. ఇక్కడ తాతకి పింఛను ఆగుతుంది. పిల్లలకి ఫోన్ చేసి, మిషన్ దగ్గర నిలబడ్డాక తాళం తీయమనండి. తాత్కాలికంగా తీస్తే పది నిమిషాల్లో మళ్లీ దానంతట అదే పడిపోతుంది. కాబట్టి ఇంటి దగ్గర తీయించుకుని డిపోకి నడిచి వెళ్తే లాభం లేదు.

811 అని వస్తే మీ ఆధార్‌లో అసలు బయోమెట్రిక్ లేదని. చిన్నప్పుడే ఆధార్ తీసుకున్న పిల్లలకి ఇది ఎక్కువ. అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఇంకోసారి వేలిముద్రలు ఇవ్వడం తప్పనిసరి. 997, 998 అని వస్తే మాత్రం జాగ్రత్త. మొదటిది ఆధార్ నిలిపివేశారని. రెండోది ఆ నంబరే చెల్లదని, ఇది చాలాసార్లు ఒక అంకె తప్పు కొట్టడం వల్ల వస్తుంది. మళ్లీ సరిగ్గా కొట్టించండి. అప్పుడూ అదే వస్తే 1947కి ఫోన్ చేయండి, ఆధార్ సంస్థ ఉచిత నంబరు అది, తెలుగులో మాట్లాడతారు.

జాబితాలో దొరకకపోతే

"నో రికార్డ్ ఫౌండ్", "నాట్ ఎలిజిబుల్", "కార్డ్ ఇనాక్టివ్" అంటే సర్వర్ బాగానే ఉంది, మిమ్మల్ని గుర్తుపట్టింది కూడా. శాఖ జాబితాలో మీ పేరు లేదు, లేదా ఆపి ఉంచారు. దీనికి ఆధార్ కేంద్రంలో ఎవరూ ఏమీ చేయలేరు. సచివాలయానికి వెళ్లి వెల్ఫేర్ అసిస్టెంట్‌ని గానీ డిజిటల్ అసిస్టెంట్‌ని గానీ కలిసి, ఏ కారణంతో ఆగిందో లాగిన్‌లో చూసి చెప్పమని అడగండి. కారణం ఏదో ఒకటి రాసే ఉంటుంది.

డబ్బులు నేరుగా ఖాతాలో పడే పథకాల్లో ఇంకో చిక్కు ఉంది. పీఎం కిసాన్ లాంటి వాటి సొమ్ము మీరు అర్జీలో రాసిన ఖాతాకి కాదు, ఆధార్‌కి చివరిసారి అనుసంధానం చేసిన బ్యాంకుకి వెళ్తుంది. మధ్యలో ఎవరో చెప్పారని కొత్త ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చి ఉంటే, పాత పాసుబుక్కు పట్టుకుని "డబ్బు రాలేదు" అనుకుంటూ ఉంటారు. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తేలిపోతుంది.

ఓటీపీ రావట్లేదు, లాగిన్ అవ్వట్లేదు

ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు జతచేశారో ఓటీపీ దానికే వెళ్తుంది, చేతిలో ఉన్న నంబరుకి కాదు. పాత సిమ్ పోయి ఉంటే ఆ ఓటీపీ ఇప్పుడు ఇంకెవరికో వెళ్తూ ఉండొచ్చు కూడా. ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేస్తే కొత్త నంబరు చేరుస్తారు, కాగితాలేమీ అక్కర్లేదు. ఓటీపీ ఆలస్యమైందని మూడుసార్లు నొక్కితే మూడు ఓటీపీలు వస్తాయి, చివరిదే చెల్లుతుంది. చాలామంది మొదటిది కొట్టి "ఇన్వాలిడ్" అంటే సర్వర్‌ని తిడతారు. ఆధార్ ఓటీపీకి గడువు పది నిమిషాలు. "సెషన్ ఎక్స్‌పైర్డ్" అని వస్తే వెనక్కి బాణం నొక్కకండి, పేజీ మూసేసి మొదటినుంచి రండి.

"మీ పింఛను సర్వర్‌లో ఎర్రర్ వచ్చింది, సరిచేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఏ శాఖా అలా అడగదు. చెప్పేసి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

డబ్బు కట్ అయి చేతికి రాకపోతే

కస్టమర్ పాయింట్‌లో వేలు పెట్టాక "టైమ్ అవుట్" వస్తే వెంటనే రెండోసారి పెట్టకండి. జవాబు వెనక్కి రాలేదంటే పని జరగలేదని కాదు. అక్కడ ఖాతాలో డబ్బు తగ్గిపోయి, ఇక్కడ మాత్రం కబురు చేరకపోయి ఉండొచ్చు. ముందు మెసేజ్ చూడండి, లేదా మినీ స్టేట్‌మెంట్ తీయించండి. డబ్బు తగ్గి ఉంటే ఆ స్లిప్పు తప్పకుండా తీసుకోండి, ఫెయిలైన దానికీ స్లిప్పు ఉంటుంది.

రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఆదేశం ప్రకారం ఇలా పోయిన డబ్బు ఆ రోజు తర్వాత అయిదు రోజుల్లో ఖాతాలోకి తిరిగి రావాలి. దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం బ్యాంకే వేయాలి, మీరు అడగకపోయినా. మీ బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు నంబరు 14448 ఉంది.

రేషన్‌లోనూ ఇలాగే జరుగుతుంది. వేలు పడింది, స్లిప్పు రాలేదు, "రేపు రండి" అన్నారు. రేపు వెళ్తే "ఈ నెల ఇచ్చేశాం అని చూపిస్తోంది" అంటారు. ఈపాస్ సైట్‌లో కార్డు నంబరు కొడితే ఏ తేదీన ఏ డిపోలో ఎంత ఇచ్చినట్టు రాసుందో కనిపిస్తుంది. అది చూపించి అదే రోజు అడగండి, నెల మారితే తేల్చడం కష్టం.

మిషన్ పనిచేయలేదని మీ సరుకు ఆపకూడదు

ఈ విషయం డీలర్లకీ పూర్తిగా తెలియదు. వేలిముద్ర పడకపోవడం, సిగ్నల్ లేకపోవడం లాంటి కారణాలతో అర్హుడికి రేషన్ నిరాకరించకూడదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకి ఆదేశమిచ్చింది. అలాంటప్పుడు కార్డు, ఆధార్ చూసి, రిజిస్టరులో రాసుకుని ఇవ్వాలి. అదే ఏడాది డిసెంబరు 19న కేబినెట్ సచివాలయం అన్ని పథకాలకీ ఇదే తీరు చెప్పింది. వేలు పడకపోతే కన్ను, అదీ కాకపోతే ఓటీపీ, అదీ కాకపోతే వేరే విధంగా గుర్తించి ఇవ్వాలి. డీలరుతో గొడవ పడక్కర్లేదు. "రిజిస్టరులో రాసి ఇవ్వండి, లేదా ఇవ్వలేనని రాసివ్వండి" అంటే చాలు. సాధారణంగా రెండోది ఎవరూ రాయరు.

పింఛను ఒక నెల ఆగినా హక్కు పోదు. వరుసగా రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెల మొత్తం కలిపి ఇస్తున్నారు. కానీ మూడో నెల కూడా దాటనివ్వకండి, ఊరు వదిలి వెళ్లిపోయారనుకుని ఆపేస్తారు.

ఫిర్యాదు ఇచ్చేటప్పుడు "సర్వర్ పనిచేయలేదు" అని మాత్రమే రాస్తే దాన్ని ఎవరూ వెతకలేరు. తేదీ, టైమ్, డిపో నంబరు, స్క్రీన్ మీద కనిపించిన మాట లేదా నంబరు, ఎన్నిసార్లు వేలు పెట్టారు అన్నది రాయండి. సర్వర్‌లో ప్రతి ప్రయత్నం టైమ్‌తో సహా నమోదవుతుంది, మీరు రాసిన టైమ్‌తో అధికారి దాన్ని పట్టుకోగలరు. వీలైతే స్క్రీన్ ఫొటో తీయండి, అందులో మీ ఆధార్ నంబరు కనిపిస్తుంటే మాత్రం ఎవరి గ్రూపులోనూ పెట్టకండి. రేషన్‌కి 1967, పీఎం కిసాన్‌కి 155261, మిగతా వాటికి 1100. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినా నమోదు చేసుకుంటారు. అర్జీ నంబరున్న రసీదు చేతికి వచ్చాకే అక్కడి నుంచి కదలండి.