పెంకుటింటి వెనుక మసక

ప్రశ్న: నాగోలులోని మా తాతగారి పెంకుటిల్లు ఫొటో తీసి, వెనుకనున్న మెట్రో స్తంభాలను మసక చేశాను. ఇల్లు కాగితం కత్తిరించి అంటించినట్లు కనబడుతోంది. ఏం చేయాలండీ?

జవాబు: 2017 నవంబరులో మెట్రో రైలు నాగోలు చేరిన పిమ్మట, అచ్చట మిగిలిన పాత ఇండ్లను ఫొటో తీయబోవు ప్రతివారికిని ఈ చిక్కు తప్పుటలేదు. మీరు ఇంటి వెనుకనున్న సమస్తమును ఒకే పాళ్ళలో మసకబరచినారు. కటకమన్ననో, ఫోకసు నిలిపిన తలమునకు దూరమగుకొలదియు అస్పష్టతను క్రమక్రమముగా పెంచునే గాని, గోడ దాటినంతనే తెర దించినట్లు సర్వమును మాయము చేయదు. కావున మీ ఫొటోలో ఇంటికి దాపునగల వేపచెట్టును స్వల్పముగను, స్తంభములను అధికముగను మసకబరచి, గోడ నానుకొనియున్న నేలను, అరుగు ముందరి మట్టిని ముట్టకుండ విడువుడు. స్తంభములను పూర్తిగా చెరపవలెనన్న పట్టుదల నాకు లేదు. ఛాయామాత్రముగ నున్నను నష్టము లేదు.

పిదప చిత్రమును పెద్దది చేసి చూరు వెంబడి పరికింపుడు. పెంకుల అంచున ఎర్రని జీర కనబడినచో, ఇంటి రంగే మసకలోనికి ఒలికినదన్నమాట. ఇంటిని వేరు లేయరుగా దాచుకొని, క్రింది లేయరులో ఇల్లున్న చోటును పరిసరపు రంగులతో పూరించి, ఆ తరువాతనే మసకబరచినయెడల ఆ జీర పోవును. మసకతోపాటు ఫొటోలోని సన్నని గ్రెయిన్ కూడ అణగిపోవును గనుక, గోడమీద నున్నంతపాటి గ్రెయిన్ వెనుకభాగమునకును తిరిగి చల్లుడు.