పట్టాలు తొలగిన బాట

రైలుబండి నిటారైన ఎత్తు ఎక్కలేదు. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. అందుచేత ఇంజనీర్లు లోయలలో మట్టికట్టలు పోసి, కొండలను తొలిచి, వాలు తక్కువగా ఉండేటట్లు మార్గం నిర్మిస్తారు. రైళ్లు ఆగిపోయిన తరువాత ఇంతటి శ్రమఫలం ఏమి కావాలి?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం దీనికొక సమాధానం చూపింది. ఎల్‌రాయ్, స్పార్టా పట్టణాల మధ్య 1873లో ఏర్పడిన మార్గంపై 1964లో రైళ్లు నిలిచిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం ఆ భూమిని కొని, సున్నపురాతి పొడి పరపించి, 1960ల దశకంలోనే సుమారు 51 కిలోమీటర్ల సైకిలు బాటగా మార్చింది.

ఈ బాటపై వృద్ధులు, పిల్లలు సైతం ఆయాసం లేకుండా తీరికగా సాగిపోవచ్చు. దారిలో మూడు సొరంగాలున్నాయి. వాటిలో పెద్దదాని పొడవు ముప్పావు మైలు. అక్కడ అందరూ దిగి, చేతిదీపం పట్టుకొని, సైకిలును నడిపించుకొంటూ పోవాలి. పైనుండి నీటిచుక్కలు రాలుతుంటాయి. నడివేసవిలోనూ చలి వేస్తుంది.

ముక్కలుగా అమ్ముడుపోయిన మార్గాన్ని మళ్లీ కలపడం దుస్సాధ్యం. అందువల్లనే 1983 నాటి అమెరికా చట్టసవరణ, విడిచిన రైలుమార్గాన్ని బాటగా వాడుకొంటూనే, అవసరమైనప్పుడు తిరిగి రైళ్లకు అప్పగించే వీలు కల్పించింది. గేజి మార్పిడి వల్ల మన దేశంలోనూ కొన్ని పాత కట్టలు నిరుపయోగమయ్యాయి. వాటి విషయంలో ఈ అనుభవం ఆలోచింపదగినది.