నిజము చెప్పని స్క్రిప్టు

కంప్యూటరును నడపు ప్రధాన వ్యవస్థలలో లినక్సు ఒకటి. దాని మూలభాగమును ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ రచించి, 1991వ సంవత్సరమున లోకమునకు వెల్లడించెను. మనము టైపు చేసిన ఆజ్ఞలను గ్రహించి లినక్సుచే చేయించునది షెల్. మాటిమాటికి ఇయ్యవలసిన ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో వ్రాసి యుంచినచో, దానిని షెల్ స్క్రిప్టు అందురు.

తీగ లేకుండ కంప్యూటరును వైఫైతో కలుపు ఒక స్క్రిప్టును పరిశీలింతము. అందు ఐదు ఆజ్ఞలు కలవు. మొదటిది రేడియోపై నున్న అడ్డును తొలగించును. రెండవది డబ్ల్యూలాన్0 అను పేరుగల వైఫై పరికరమును మేల్కొలుపును. మూడవది డబ్ల్యూపీఏ సప్లికెంట్ అను ప్రోగ్రామును పిలుచును. పాస్‌వర్డు మనకు తెలియునని రూటరునకు ఋజువు చేయుట దాని పని. నాల్గవది డీహెచ్‌సీపీ పద్ధతిచే కంప్యూటరునకు ఒక చిరునామా సంఖ్యను తెచ్చును. ఐదవది "సంబంధము కుదిరినది" అని తెరపై వ్రాయును.

పాత కంప్యూటరులో చక్కగా నడచిన ఈ స్క్రిప్టును క్రొత్త కంప్యూటరులోనికి మార్చిరనుకొనుడు. పరీక్ష రుసుము చెల్లించుటకు ఆనాడే తుది దినము. తెరపై "సంబంధము కుదిరినది" అను వాక్యము కనబడును. కాని ఒక్క పేజీయు తెరచుకొనదు. రూటరు చెడినదని యొకరు, పాస్‌వర్డు తప్పని మరియొకరు అందురు. ఊహలతో ప్రొద్దు గడచును గాని తప్పు దొరకదు.

ఇచట షెల్ యొక్క స్వభావమును ఎరుగవలెను. ఒక ఆజ్ఞ విఫలమైనను షెల్ తనంతట ఆగదు; తరువాతి పంక్తికి సాగిపోవును. ప్రతి ఆజ్ఞయు ముగియునపుడు ఒక సంఖ్యను తిరిగి యిచ్చును. అది సున్న యైనచో పని నెరవేరినదనియు, వేరొక సంఖ్యయైనచో నెరవేరలేదనియు అర్థము. మన స్క్రిప్టు ఆ సంఖ్యను ఒక్కమారును విచారింపలేదు. అంతియే కాక, తెర శుభ్రముగా నుండవలెనని, తప్పులను తెలుపు సందేశములన్నిటిని డెవ్ నల్ అను శూన్యములోనికి త్రోసివేసినది. కావుననే నడుమనున్న మూడు పనులును చెడినను, ఐదవ పంక్తి నిశ్చింతగా విజయమును చాటినది.

మొట్టమొదట చేయవలసినది స్క్రిప్టుచే నిజము చెప్పించుట. సందేశములను దాచు భాగమును తీసివేసి, పై భాగమున సెట్ మైనస్ ఎక్స్ అని వ్రాసినచో, షెల్ ప్రతి ఆజ్ఞను తెరపై చూపుచు నడపును. అపుడు డబ్ల్యూలాన్0 అను పరికరము లేదను సందేశము వెంటనే బయటపడును. ఏలయనగా, పూర్వము పరికరములకు కనబడిన వరుసను బట్టి పేర్లిచ్చుచుండిరి. రెండు పరికరములున్నచో ఆ వరుస తారుమారగుట కలదు. అందుచే 2013వ సంవత్సరమునుండి సిస్టమ్‌డీ అను వ్యవస్థ పరికరమున్న స్థానమును బట్టి డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 వంటి పేర్లను ఇయ్యసాగెను. అనేక లినక్సు వ్యవస్థలు ఈ పద్ధతిని చేపట్టినవి. కాబట్టి పేరును ఊహింపక, ఐడబ్ల్యూ డెవ్ అను ఆజ్ఞతో అడిగి తెలిసికొనవలెను.

సున్నను కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. డబ్ల్యూపీఏ సప్లికెంట్‌ను తెరవెనుక నడువుమని కోరినచో, అది రూటరుతో కలియకమునుపే సున్న నిచ్చి తప్పుకొనును. ఆ సున్నకు "పని మొదలైనది" అనియే అర్థము. "ముగిసినది" అని కాదు. పాస్‌వర్డు తప్పైనను అదే సున్న వచ్చును. కొన్ని క్షణములు వేచి, డబ్ల్యూపీఏ క్లీ అను ప్రోగ్రామును స్థితి యడిగి, "కంప్లీటెడ్" అను బదులు వచ్చిన పిదపనే ముందునకు పోవలెను. నెట్‌వర్క్ మేనేజర్ అను వేరొక ప్రోగ్రాము అదే పరికరమును నడుపుచున్నదేమో కూడ చూడవలెను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా!

తుదకు పింగ్ అను ఆజ్ఞతో రూటరును పలుకరించి, బదులు వచ్చినపుడే "సంబంధము కుదిరినది" అని వ్రాయవలెను. రానిచో ఏ మెట్టున పని ఆగినదో తెలుపవలెను. పని చేయని స్క్రిప్టు వలన కలుగు నష్టము కొంచెము. పని చేయకయే చేసితినని పలుకు స్క్రిప్టు వలన కలుగు నష్టము పెద్దది. మొదటిదానిని చూచి మనము వేరొక ఉపాయము వెదకుదుము. రెండవదానిని నమ్మి గడువు దాటనిత్తుము.

ప్రశ్నలు

1. నడుమనున్న మూడు ఆజ్ఞలు విఫలమైనను ఐదవది విజయమును చాటుటకు కారణమేమి?
2. పరికరముల పేర్లను మార్చవలసిన అవసరమేల కలిగెను?
3. సున్నను గ్రుడ్డిగా ఏల నమ్మరాదు?