‘నాకెక్కడైనా పర్లేదు’ అనకండి

వేసవి సెలవులు రాగానే అమెరికాలోని మన ఇళ్లలో ఈ ముచ్చట మొదలవుతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. పిల్లలకు బడి లేదు. ‘ఈసారి హోటళ్లు వద్దు, ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్దాం’ అంటాడు అబ్బాయి. వంటిల్లు, బాత్రూమ్, పడకలు అన్నీ చక్రాల మీదే. ప్రకటనలో ‘ఏడుగురు పడుకోవచ్చు’ అని ఉంది. మనం ఆరుగురం. ఇంకొకరికి చోటు కూడా మిగిలిందని సంబరపడి బుక్ చేసేస్తాడు.

ఆ ఏడు అంకె బండి కంపెనీ వాళ్లది. ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరు గురక పెడతారో, ఎవరు రాత్రి మూడుసార్లు లేస్తారో వాళ్లకు తెలియదు. మీకు తెలియాలి. చిక్కేమిటంటే, అడిగినా ఇంట్లోవాళ్లు చెప్పరు. నాన్నగారు ‘నాకెక్కడైనా పర్లేదురా’ అంటారు. అత్తగారు ‘నాలుగు రాత్రులేగా, సర్దుకుంటాం’ అంటారు. కోడలు నోరు విప్పదు. ఎవరికి వాళ్లు త్యాగం చేసేస్తారు. రెండో రోజు పొద్దునకల్లా ఒకరితో ఒకరు ముక్తసరిగా మాట్లాడుకుంటుంటారు.

సర్దుకుపోవడం మంచి గుణమే. బండి ఎక్కాక దాన్ని ఎంతైనా వాడుకోండి. ఎంచుకునేటప్పుడు మాత్రం పక్కన పెట్టండి. ‘ఎక్కడైనా పర్లేదు’ అనేవాళ్లు తాము ఉదారంగా ఉన్నామనుకుంటారు గానీ, తమ అవసరమేమిటో కనిపెట్టే పనిని అవతలివాళ్ల నెత్తిన వేస్తున్నారు. వాళ్లు కనిపెట్టలేకపోతే అలిగే హక్కును కూడా అట్టిపెట్టుకుంటారు.

కాబట్టి ప్రశ్న మార్చండి. ‘ఎక్కడ పడుకుంటారు?’ అంటే ఏ జవాబు వస్తుందో తెలిసిందే. రాత్రి బాత్రూమ్‌కి ఎన్నిసార్లు లేస్తారు? చీకట్లో నిచ్చెన దిగగలరా? తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తుంది? పక్కన ఎవరైనా కదిలితే నిద్ర చెడుతుందా? ఇలా అడిగితే ఎంత మొహమాటస్తులైనా నిజం చెబుతారు. ఫలానాది కావాలని నోరు తెరిచి అడగాల్సిన ఇబ్బంది వాళ్లకుండదు మరి.

ఇక పడకల సంగతి. కుటుంబాలు ఎక్కువగా అద్దెకు తీసుకునేది సి-క్లాస్ అనే రకం, 25 నుంచి 30 అడుగుల బండి. డ్రైవర్ తల మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన చోట ఒక పడక ఉంటుంది. ఫొటోలో అన్నిటికంటే విశాలంగా కనిపించేది అదే. తీరా చూస్తే అది రైల్లో అప్పర్ బెర్తు: లేచి కూర్చుంటే తల తగులుతుంది, దిగాలంటే నిచ్చెన. పిల్లలకు పండగ, పెద్దలకు శిక్ష. ఎంత బరువు ఆగుతుందో చాలా బండ్లలో అక్కడే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, చదవండి.

వెనక గదిలోది క్వీన్ మంచం అంటారు. మన ఇంట్లో క్వీన్ పరుపు 80 అంగుళాల పొడవు. ఆర్‌వీల్లో చాలావాటికి 75 అంగుళాలే. ఆరడుగుల మనిషి 72 అంగుళాలు, తలగడ వేసుకుంటే కాళ్లు అంచుకు వస్తాయి. ఇంటి నుంచి తెచ్చిన ఎలాస్టిక్ దుప్పటి వదులై ముడతలు పడుతుంది. పొడవు కంటే ముందు మంచం ఎలా వేసి ఉందో చూడండి. మూలకు ఆనించి ఉంటే గోడ వైపు పడుకున్నవాళ్లు లేవాలన్నప్పుడల్లా పక్కవాళ్లను దాటి రావాలి. అమ్మానాన్నల కోసం చూస్తుంటే రెండు పక్కలా నడవడానికి దారి ఉన్న మంచమే తీసుకోండి. దాని కోసం రోజుకు కొన్ని డాలర్లు ఎక్కువైనా నేనైతే వెనకాడను.

అసలు గొడవంతా భోజనాల బల్ల దగ్గరుంది. పగలు బల్ల, రాత్రి మంచం. బల్ల కాలు తీసి, పలకను రెండు సీట్ల మధ్య అంచుల మీద ఆనించి, వీపు వెనక ఉన్న దిండ్లను దాని మీద పరిస్తే పడక తయారు. చెప్పడానికి బాగానే ఉంది. దిండ్ల మధ్య అతుకు సరిగ్గా నడుం కిందకు వస్తుంది, తెల్లారేసరికి దిండ్లు విడిపోయి సందు ఏర్పడుతుంది. పైన మందపాటి బొంత వేస్తే కొంత నయం. ఇంతకంటే పెద్ద ఇబ్బంది మరొకటుంది. తాతగారికి నాలుగున్నరకే మెలకువ వస్తుంది, కాఫీ కావాలి. స్టవ్ అక్కడే, కాఫీ తాగే బల్ల మీద మనవడు నిద్రపోతున్నాడు. లైటు వేస్తే వాడు లేస్తాడు, వాడు లేస్తే చెల్లి లేస్తుంది. తాతగారు శాలువా కప్పుకుని చీకట్లో డ్రైవర్ సీట్లో కూర్చుంటారు. అడిగితే ‘పర్లేదు’ అంటారు! పెందరాళే లేచేవాళ్లుంటే బల్లను బల్లగానే వదిలేసే బండి చూసుకోండి, బంకు పడకలు విడిగా ఉన్నది.

గురక సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. నిద్రలో ఊపిరి సాఫీగా ఆడటానికి పెట్టుకునే సీప్యాప్ మెషీన్ వాడేవాళ్లయితే అసలే దాచకూడదు. ఉదాహరణకు, యోసెమిటీ లోయలోని క్యాంపుల్లో బండికి కరెంటు కనెక్షన్ ఉండదు, రాత్రిపూట జనరేటర్ వేయనివ్వరు. బండి బ్యాటరీ మీద ఆ మెషీన్ తెల్లవార్లూ నడుస్తుందా, మంచం పక్కన ప్లగ్గు ఉందా అని ముందే కనుక్కోవాలి.

రెండు పక్కలా గుడ్డ పడకలు బయటికి లాగే పాప్-అప్ ట్రైలర్లు చవక, చూడ ముచ్చట. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జి ఆర్‌వీ పార్కుకు మాత్రం వాటితో వెళ్లకండి. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు. పక్కనున్న సరస్సే 7,700 అడుగులకు పైగా ఎత్తులో ఉంది. జులైలో కూడా రాత్రి ఎముకలు కొరికే చలి పడొచ్చు. పడక ఏదైనా దుప్పట్లు దండిగా పట్టుకెళ్లండి.

రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో ఇలాంటి బండి ఒకటి ప్రత్యేకంగా చేయించుకుని దేశమంతా తిరిగాడు. చాలా దూరం తోడు చార్లీ అనే కుక్క మాత్రమే. పడక పంపకాల బాధ ఆయనకు లేదు. మనకుంది, అందుకే బుక్ చేసే ముందు వీలైతే అద్దె కంపెనీ యార్డుకు వెళ్లి బండి ఎక్కండి. అక్కడి ఉద్యోగి చూస్తున్నాడని మొహమాటపడొద్దు. చెప్పులు విప్పి, ఒక్కో మంచం మీద పడుకుని అటూ ఇటూ దొర్లండి. కళ్లు మూసుకుని బాత్రూమ్ దాకా నడవండి. వెనక గదిలో ఎర్ర పిడి ఉన్న అత్యవసర కిటికీ ఎలా తెరుచుకుంటుందో అడిగి తెలుసుకోండి. బండి గోడలో కొంత భాగం బయటికి జరిగే రకమైతే, ఆ భాగం మూసి ఉన్నప్పుడు మంచం దాకా వెళ్లగలమో లేదో చూడండి. దారిలో ఆగి కాసేపు నడుం వాల్చాలంటే అది పనికొస్తుంది.

తర్వాత నిర్ణయం ఒక్కరే తీసుకోవాలి, తీసుకున్నాక వాట్సాప్‌లో పెట్టేయాలి: వెనక మంచం అమ్మానాన్నలకు, పైన పిల్లలకు, సోఫా మాకు. ఓటింగు పెడితే మళ్లీ అందరూ ‘పర్లేదు’లే అంటారు.

చివరి పరీక్ష, ప్రయాణానికి వారం ముందు వచ్చే ఫోన్. ‘ఏడు పడకలున్నాయటగా, మా వాణ్ణి కూడా తీసుకెళ్తారా?’ అంటాడు స్నేహితుడు. పడకలు ఎన్ని ఉంటే సీటు బెల్టులు అన్ని ఉంటాయని లేదు. బండి కదులుతుంటే పిల్లల్ని పైబెర్తులో పడుకోబెట్టడం ప్రాణాలతో చెలగాటం. ‘బెల్టులు ఆరే ఉన్నాయి, కుదరదండీ’ అనండి. ‘పోనీ, మేం పక్కనే టెంట్ వేసుకుంటాం’ అంటే, ఫిషింగ్ బ్రిడ్జిలో టెంట్లు కూడా వేయనివ్వరని చెప్పి, ఎల్లోస్టోన్‌లోనే ఉన్న గ్రాంట్ విలేజ్ క్యాంపులో చోటుందేమో వాళ్లనే చూసుకోమనండి.