దారి ఎక్కడ తెగింది?

ఒకప్పుడు ఇంట్లో ఒక కంప్యూటరు ఉండటమే విశేషం. ఈనాడు ఒకే ఇంట్లో పాత కంప్యూటరు ఒకటి, ల్యాప్‌టాప్ ఒకటి, ప్రింటరు, మూడు నాలుగు ఫోన్లు ఉండటం మామూలైంది. వీటి మధ్య రౌటరు అనే చిన్న పెట్టె మధ్యవర్తిగా పనిచేస్తుంది. కొన్ని పరికరాలు తీగ ద్వారా, మరికొన్ని తీగ లేకుండా వైఫై ద్వారా ఆ పెట్టెతో కలుస్తాయి. ఇలా కలిసిన పరికరాల సముదాయాన్నే ఇంటి నెట్‌వర్క్ అంటారు.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఇంటి నెట్‌వర్క్ వేరు, ఇంటర్నెట్ వేరు. బయటి నుంచి రౌటరుకు వచ్చే తీగ తెగిపోయినా, ఇంట్లోని కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లు పంచుకోగలవు. అట్లాగే ఇంటర్నెట్ చక్కగా పనిచేస్తున్నా, పక్కగదిలోని కంప్యూటరు అందకపోవచ్చు. ఈ రెండవ చిక్కు తరచుగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చిన తరువాత తలెత్తుతుంది.

కంప్యూటరులోని యంత్రభాగాలనూ మనం వాడే ప్రోగ్రాములనూ కలిపి నడిపించే మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ అటువంటిది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలుగా ఇచ్చే ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఆ గడువును దృష్టిలో ఉంచుకొని చాలామంది విండోస్ 11కి మారారు. మారినప్పుడు బొమ్మలూ, మెనూలూ మారడం కంటికి కనిపిస్తుంది. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరి దగ్గరకు పోవచ్చు అనే నియమాలు కూడా మారతాయి. అవి మాత్రం కంటికి కనిపించవు.

దీనికి ఉదాహరణగా హోసూరులోని ఒక ఇంటిని తీసుకోవచ్చు. తమిళనాడు సరిహద్దులోని ఆ ఊరిలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. ఆ ఇంటి యజమాని మూడు భాషలలోనూ పెళ్లి పత్రికలు కూర్చి, అచ్చుకు పంపుతారు. ముందుగదిలో ఆయన వాడే కంప్యూటరు విండోస్ 7తో నడిచే పాతది. అందులో పేజ్‌మేకర్ ఉన్నది. ఏళ్ల తరబడి చేయి అలవాటుపడిన తెలుగు ఫాంట్లు ఉన్నాయి. ఆనాటి ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలోనివి కావు. ఒక్కొక్క కంపెనీ ఫాంటుకు ఒక్కొక్క లెక్క. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనబడతాయి. ఇరవై ఏళ్ల పని అంతా ఆ ఫాంట్లలోనే ఉండగా ఆ కంప్యూటరును పక్కకు నెట్టడం తేలిక కాదు. దీనిని మొండితనమని కొట్టివేయడం తగదు. తెలుగు అచ్చుపనిలో ఉన్న చాలామంది పరిస్థితి ఇదే.

ఆయన పత్రికను కూర్చి, పి.డి.ఎఫ్. రూపంలో ఒక ఫోల్డరులో ఉంచుతారు. కాలేజీలో చదివే కూతురు తన ల్యాప్‌టాప్ నుంచి అదే ఫోల్డరు తెరిచి, వధూవరుల ఫొటో సరిచూసి, ప్రెస్సుకు పంపుతుంది. ఆ ఫోల్డరుకు పాస్‌వర్డ్ లేదు. ఇంట్లోని వాళ్లకే కదా అని ఎవరూ పెట్టలేదు. ఒక ఆదివారం ఆమె ల్యాప్‌టాపును విండోస్ 10 ప్రో నుంచి విండోస్ 11 ప్రోకు మార్చింది. ఆనాటి సాయంత్రం ఫోల్డరు తెరుచుకోలేదు. ఇంటర్నెట్ మాత్రం మునుపటికంటె వేగంగానే వస్తున్నది.

ఆ రాత్రికి పెన్‌డ్రైవుతో పని గడిచింది. కాని పెన్‌డ్రైవులో ఒక చిక్కు ఉన్నది. ఒకే పత్రికకు రెండు ప్రతులు ఏర్పడతాయి. పెళ్లివారు ఫోన్ చేసి ముహూర్తం ఉదయం 9-40 కాదు, 10-20 అన్నారు. తండ్రి తన కంప్యూటరులో దిద్దారు. కూతురు పెన్‌డ్రైవులోని పాత ప్రతినే ప్రెస్సుకు పంపింది. అచ్చుకు ముందు నమూనా కాగితం చూసినవారు పోల్చుకోబట్టి నాలుగువందల పత్రికలు తప్పుగా అచ్చుకాకుండా ఆగాయి. ఫోల్డరు ఒక్కటే అయినప్పుడు ఇటువంటి ప్రమాదానికి తావుండేది కాదు.

మరునాడు సలహాలు అనేకం వచ్చాయి. ఫైర్‌వాల్ ఆపివేయమన్నారు ఒకరు. పాత విండోస్ మళ్లీ వేయమన్నారు ఇంకొకరు. అన్నీ చెరిపి మొదటినుంచి మొదలుపెట్టమన్నారు వేరొకరు. దోషం ఎక్కడున్నదో తెలియకముందే మందు చెప్పడం వీటన్నిటిలోనూ ఉన్న లోపం. అక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నది. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు నోటుపుస్తకం తీసుకొని, చేసిన ప్రతి పనినీ, దానికి వచ్చిన ఫలితాన్నీ వరుసగా రాయడం మొదలుపెట్టాడు.

మొదట దగ్గరివి చూశారు. రౌటరు దీపాలు వెలుగుతున్నాయా? పాత కంప్యూటరు వెనుక తీగ గట్టిగా ఉన్నదా?

"నాయనా, కంప్యూటరు మేలుకొనే ఉందా? కొంచెంసేపు ముట్టకపోతే నిద్రపోతుంది కదా" అని అడిగింది కూతురు.

"నేను దానిమీదే పని చేస్తా ఉండాను కదమ్మా" అన్నారాయన.

ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చు. నిద్రావస్థలో ఉన్న కంప్యూటరును ఎంత పిలిచినా పలకదు. గంటలకొద్దీ వృథా అయ్యే శ్రమకు ఇదే కారణమైన సందర్భాలు తక్కువ కాదు.

తరువాత చిరునామా చూశారు. నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరానికీ రౌటరు ఒక సంఖ్యను ఇస్తుంది. దానిని ఐ.పి. చిరునామా అంటారు. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లని కిటికీలో ఐపీకాన్ఫిగ్ అన్న ఆజ్ఞ ఇస్తే అది కనబడుతుంది. ల్యాప్‌టాపులో 192.168.1.34 అని వచ్చింది. పాత కంప్యూటరులో 192.168.1.20. మొదటి మూడు సంఖ్యలు ఒకటే అయితే, సాధారణంగా ఇళ్లలో, రెండూ ఒకే వీధిలో ఉన్నట్లు. ఒకవేళ చిరునామా 169.254 తో మొదలైతే, రౌటరు నుంచి సంఖ్య అందక కంప్యూటరు తనకు తానే ఒకటి పెట్టుకున్నదని అర్థం. అప్పుడు దోషం ల్యాప్‌టాపుకూ రౌటరుకూ మధ్యనే ఉన్నది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు వైఫై పరికరపు డ్రైవరు కుదరకపోవడం అందుకు ఒక కారణం కావచ్చు. కొన్ని రౌటర్లలో అతిథుల కోసం వేరే వైఫై పేరు ఉంటుంది. దానిలో కలిసిన పరికరానికి ఇంటర్నెట్ వస్తుంది గాని ఇంట్లోని ఇతర కంప్యూటర్లు కనిపించవు. ల్యాప్‌టాప్ ఏ పేరుతో కలిసిందో అందుకే చూడాలి.

మూడవది పిలిచి చూడటం. పింగ్ అన్న ఆజ్ఞ పక్కన ఒక చిరునామా ఇస్తే, కంప్యూటరు ఆ చిరునామాకు చిన్న సందేశం పంపి బదులు కోసం చూస్తుంది. రౌటరు చిరునామా 192.168.1.1 కి పంపగా బదులు వచ్చింది. పాత కంప్యూటరుకు పంపగా అక్కడినుంచీ వచ్చింది.

"అక్కా, పిలిస్తే పలుకుతుంది. మరి తలుపెందుకు తీయదు?" అన్నాడు తమ్ముడు.

ఈ ప్రశ్నతోనే సగం పని పూర్తయింది. తీగ, వైఫై, రౌటరు, చిరునామా ఇవేవీ కారణం కావని తేలిపోయింది. ఇంతవరకు దారి ఉన్నది. తెగినది దీని తరువాత. పింగ్ విషయంలో ఒక జాగ్రత్త మాత్రం అవసరం. బదులు వస్తే దారి ఉన్నట్లే. రాకపోతే దారి లేదని చెప్పడానికి వీలులేదు, ఎందుకంటే అవతలి ఫైర్‌వాల్ బదులివ్వకుండా ఆపి ఉండవచ్చు.

నాలుగవ మెట్టు దగ్గర రెండు దోషాలు బయటపడ్డాయి. ల్యాప్‌టాపులోని నెట్‌వర్క్ జాబితాలో పాత కంప్యూటరు పేరే లేదు. సెట్టింగులలో చూడగా ఇంటి వైఫై 'పబ్లిక్' అని నమోదై ఉన్నది. విండోస్‌లో ఒక నెట్‌వర్క్‌ను పబ్లిక్ అని గాని, ప్రైవేట్ అని గాని గుర్తించవచ్చు. రైల్వేస్టేషనులోనో హోటలులోనో వైఫై వాడేటప్పుడు పబ్లిక్ ఉండాలి. అప్పుడు కంప్యూటరు ఇతరులకు తనను చూపదు, ఇతరుల కోసం తాను వెదకదు. కొత్తగా కలిసే వైఫైని విండోస్ 11 మొదట పబ్లిక్‌గానే ఎంచుతుంది. ఇంటి వైఫైని ప్రైవేట్‌గా మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీని ఆన్ చేయగానే పాత కంప్యూటరు పేరు జాబితాలో కనిపించింది. ఫైర్‌వాల్‌ను ఆపవలసిన అవసరం రాలేదు.

పేరు కనిపించినా ఫోల్డరు తెరుచుకోలేదు. ఈసారి ఒక వాక్యం వచ్చింది. మీ సంస్థ భద్రతా నియమాలు గుర్తింపులేని అతిథి ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయని దాని సారాంశం. ఇంట్లో సంస్థ ఏమిటని చాలామంది ఈ వాక్యాన్ని చదవకుండానే మూసివేస్తారు. నిజానికి రోగం పేరు అందులోనే ఉన్నది. పాస్‌వర్డ్ లేని ఫోల్డరును తెరవడమంటే అతిథిగా లోపలికి పోవడమే. 2024 అక్టోబరులో వెలువడిన విండోస్ 11 ప్రో 24హెచ్2 రూపం, ఫైళ్లు పంచుకునేటప్పుడు ప్రతి సందేశానికీ సంతకం వంటి గుర్తు ఉండాలని మొదటినుంచే కోరుతుంది. పాస్‌వర్డ్ లేని అతిథికి ఆ సంతకం సాధ్యం కాదు. అవతల ఉన్నది నిజంగా నాన్నగారి కంప్యూటరేనా, లేక ఆ పేరు పెట్టుకున్న మరొకటా అని ల్యాప్‌టాపుకు తెలిసే మార్గం లేదు. అందుకే అది ఆగిపోయింది.

ఈ కట్టుదిట్టం ఊరకే వచ్చినది కాదు. 2017 మే నెలలో వానాక్రై అనే హానికర ప్రోగ్రాము విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోని లోపం గుండా ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఇంగ్లండులోని ఆసుపత్రులలో చికిత్సలకు సైతం ఆటంకం కలిగింది. ఆ లోపానికి సవరణ అదే ఏడాది మార్చిలోనే వచ్చినా, వేసుకోనివారు దెబ్బతిన్నారు.

ఇప్పుడు ఆ ఇంటివారి ముందు రెండు మార్గాలున్నాయి. అతిథులను రానిమ్మని ల్యాప్‌టాపులోని నియమాన్ని సడలించవచ్చు. అట్లా చేసే వీలు విండోస్‌లో ఉన్నది. లేదా పాత కంప్యూటరుకు పాస్‌వర్డ్ ఏర్పాటు చేయవచ్చు.

"ఏది తొందరగా అవుతుందో అది చెయ్యమ్మా. సాయంత్రానికి ఇంకో పత్రిక పోవాల" అన్నారు తండ్రి.

"నియమం సడలిస్తే ఈ ల్యాప్‌టాప్ కాలేజీలో కూడా అట్లే ఉంటుంది నాయనా. అక్కడ వైఫైలో ఎవరెవరో ఉంటారు. నీ కంప్యూటరులో ఒక పేరు, పాస్‌వర్డ్ పెడితే పది నిమిషాల పని" అన్నదామె.

పాత కంప్యూటరు కంట్రోల్ ప్యానెలులో కొత్త వాడుకరి పేరు ఒకటి సృష్టించి పాస్‌వర్డ్ ఇచ్చారు. ఫోల్డరు పంపకంలో 'అందరూ' అన్నదానిని తీసివేసి, ఆ పేరుకు మాత్రమే చదవడానికీ రాయడానికీ అనుమతి ఇచ్చారు. పాస్‌వర్డ్ ఉంటేనే పంపకం అన్న ఏర్పాటును ఆన్ చేశారు. ల్యాప్‌టాపులో ఫోల్డరు తెరవగా, ఈసారి పేరూ పాస్‌వర్డూ అడిగింది. ఇక్కడ చాలామంది తడబడతారు. అడిగేది పాత కంప్యూటరులోని పేరు, పాస్‌వర్డ్. ల్యాప్‌టాప్ తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ కాదు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న పేరును నెట్‌వర్క్ ద్వారా విండోస్ మామూలుగా అనుమతించదు. ఫోల్డరు తెరుచుకున్నది. ఒక చిన్న ఫైలు రాసి, చెరిపి చూశారు. ప్రింటరు కోసం ల్యాప్‌టాపులో కొత్త డ్రైవరు వేయవలసి వచ్చింది గాని అది వేరే చిక్కేమీ పెట్టలేదు.

విండోస్‌లో నెట్‌వర్క్ రీసెట్ అనే బొత్తాము ఒకటి ఉన్నది. దానిని మొదటే నొక్కేవారు ఉన్నారు. అది నెట్‌వర్క్ పరికరాలను తొలగించి మళ్లీ అమర్చుతుంది. దాచుకున్న వైఫై పాస్‌వర్డులు, చేతితో పెట్టిన చిరునామాలు పోతాయి. ఈ ఇంట్లో అది నొక్కి ఉంటే రెండు దోషాలూ అట్లాగే ఉండి, మూడవది తోడయ్యేది. చివరి ప్రయత్నంగా మాత్రమే దానిని ఉంచుకోవాలి.

ఇక పాత కంప్యూటరు సంగతి మిగిలింది. విండోస్ 7కి మామూలు సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. అది ఇంటర్నెట్‌లో ఉండటం మంచిది కాదు. ఇంటి నెట్‌వర్క్‌లో మాత్రం ఉండక తప్పదు. కూతురు దానికి రౌటరు పంచే వరుసలో లేని ఒక స్థిరమైన చిరునామాను చేతితో ఇచ్చి, గేట్‌వే అన్న గడిని ఖాళీగా వదిలింది. గేట్‌వే అంటే బయటికి పోయే ద్వారం. అది తెలియని కంప్యూటరు ఇంట్లోని వాటితో మాట్లాడుతుంది గాని వీధి దాటదు. ఐ.పి. ఆరవ రూపం ద్వారా దారి దొరకకుండా దాని ఎదుట ఉన్న టిక్కునూ తీసివేసింది. తమ్ముడు కొత్త చిరునామానూ తేదీనీ రాసుకున్నాడు. తండ్రి ఇప్పుడు మెయిలు ఫోనులో చూసుకుంటారు. ప్రతి శనివారం పత్రికల ఫోల్డరు మొత్తాన్ని విడి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, డిస్కును ఊడదీసి బీరువాలో పెడతారు.

అభ్యాసం

1. ఇంటర్నెట్ వస్తున్నప్పటికీ పక్కగదిలోని కంప్యూటరు అందకపోవడానికి గల కారణాలను తెలపండి.
2. పింగ్‌కు బదులు రాకపోతే దారి లేదని ఎందుకు చెప్పలేము?
3. పెన్‌డ్రైవు వాడటం వల్ల ఆ ఇంటివారికి కలిగిన ప్రమాదం ఏమిటి?
4. తండ్రి కోరినట్లు తొందరగా అయ్యే మార్గాన్ని కూతురు ఎందుకు ఎంచుకోలేదు? ఆమె నిర్ణయంపై మీ అభిప్రాయం రాయండి.
5. మీ ఇంట్లో లేదా పాఠశాలలో పనిచేయని ఒక పరికరాన్ని తీసుకొని, దోషం ఎక్కడున్నదో తెలుసుకోవడానికి ఏయే పరీక్షలు ఏ వరుసలో చేస్తారో రాయండి.