సొంతంగా కట్టిన లినక్సు బూట్ కాకపోతే...

రెడీమేడ్ లినక్సు వాడడం ఒక ఎత్తు, సోర్సుకోడు నుంచి దాన్ని స్వయంగా కట్టుకోవడం ఒక ఎత్తు. జెరార్డ్ బీక్‌మన్స్ 1999లో మొదలుపెట్టిన ‘లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ పుస్తకాన్ని ముందు పెట్టుకుని వారాంతాలన్నీ ధారపోస్తాం. తీరా రీబూట్ చేస్తే నల్లటి తెరమీద ‘కెర్నెల్ పానిక్’ అని వస్తుంది. చాలామంది విసుగొచ్చి డిస్కు ఫార్మాట్ చేసి మళ్ళీ మొదటికొస్తారు. ఆ అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. పైగా అలా చేస్తే తప్పెక్కడుందో తెలియదు కాబట్టి అదే తప్పు మళ్ళీ చేస్తాం.

మా ప్లెయిన్స్‌బరో నుంచి హైదరాబాదు వెళ్ళాలంటే ముందు కారులో ప్రిన్స్‌టన్ జంక్షన్, అక్కడ రైలెక్కి న్యూఅర్క్ విమానాశ్రయం, ఆపైన విమానం. మనిషి ఇల్లు చేరలేదంటే ఎక్కడిదాకా వచ్చాడో ముందు కనుక్కుంటాం కదా! బూట్ కూడా అంతే. ఫర్మ్‌వేర్ గ్రబ్‌ని పిలుస్తుంది. గ్రబ్ కెర్నెల్‌ని మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ రూట్ పార్టిషన్‌ని మౌంట్ చేసి ఇనిట్‌ని నడుపుతుంది. మిగతా పనులన్నీ ఇనిట్ చూసుకుంటుంది. తెరమీద చివరగా కనిపించిన మాటే ప్రయాణం ఎక్కడ ఆగిందో చెబుతుంది.

1. ‘గ్రబ్ రెస్క్యూ’ దగ్గర ఆగితే

గ్రబ్‌కి తన ఫైళ్ళు దొరకలేదన్నమాట. కెర్నెల్ దాకా వెళ్ళనే లేదు కాబట్టి దాన్ని అనుమానించకండి. అక్కడే ‘ఎల్ఎస్’ కమాండుతో పార్టిషన్లు చూసి, బూట్ ఫోల్డరు ఎందులో ఉందో వెతికి, ‘ప్రిఫిక్స్’ విలువను సరిచేయండి.

2. ‘అన్‌నోన్ బ్లాక్ (0,0)’ అంటే

రూట్ డిస్కు ఏదో కెర్నెల్‌కి తెలియలేదని అర్థం. ఆ సందేశానికి పైనే కెర్నెల్ తనకు కనబడిన పార్టిషన్ల జాబితా రాస్తుంది. జాబితా ఖాళీగా ఉంటే డిస్కు కంట్రోలరు డ్రైవరు కెర్నెల్‌లో లేదన్నమాట. జాబితాలో మీ పార్టిషన్ ఉంటే గ్రబ్‌లో ఇచ్చిన ‘రూట్’ విలువ తప్పు. బ్రాకెట్లలో సున్నాలు కాకుండా 8,2 లాంటి అంకెలుంటే, డిస్కు దొరికింది కానీ దానిమీది ఫైల్ సిస్టమ్ కెర్నెల్‌కి అర్థం కాలేదని ముందు అనుమానించాలి.

పుస్తకంలోని మామూలు పద్ధతిలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఉండదు. కాబట్టి డిస్కు డ్రైవరు, ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్ రెండూ మాడ్యూళ్ళుగా కాక కెర్నెల్‌లోనే ఉండాలి. మెనూకాన్ఫిగ్‌లో వాటి పక్కన ‘ఎమ్’ ఉంటే నక్షత్రం గుర్తుగా మార్చండి. అదే కారణంగా ‘రూట్’కి ఫైల్ సిస్టమ్ యూయూఐడీ ఇస్తే పనిచేయదు. పార్ట్‌యూయూఐడీ ఇస్తే కెర్నెల్ తానే అర్థం చేసుకుంటుంది.

3. ‘నో వర్కింగ్ ఇనిట్ ఫౌండ్’ అంటే

డిస్కు మౌంటయింది, ఇనిట్ మాత్రం నడవలేదు. గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, కెర్నెల్ వరస చివర ‘ఇనిట్’ విలువగా బ్యాష్ దారి ఇచ్చి చూడండి. బ్యాష్ వస్తే లోపం ఇనిట్‌లోనే ఉంది. అదీ రాకపోతే రెండింటికీ కావలసిన జీలిబ్‌సీ లోడరును, లిబ్64లోని లింకును పరీక్షించండి.

4. ఇనిట్ మొదలై ఆగిపోతే

ముందుగా ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు చూడండి. కట్టేటప్పుడు రెండో డిస్కుగా ఉన్నది, ఒంటరిగా బూట్ చేసేసరికి మొదటి డిస్కు పేరు తెచ్చుకుని ఉండవచ్చు.

మరమ్మతు చేసేదెలా?

లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, మీ పార్టిషన్‌ని మౌంట్ చేసి, డెవ్, ప్రోక్, సిస్ జతచేసి, క్రూట్‌తో లోపలికి వెళ్ళండి. మీరు కట్టిందంతా అక్కడ భద్రంగానే ఉంటుంది. కెర్నెల్ మళ్ళీ కంపైల్ చేస్తే దాన్ని బూట్ ఫోల్డరులోకి కాపీ చేయడం మరవకండి. బూట్‌కి వేరే పార్టిషన్ ఉంటే ముందు దాన్ని మౌంట్ చేయాలి. లేకపోతే కొత్త కెర్నెల్ ఒకచోట పడుతుంది, గ్రబ్ ఇంకోచోట పాతదాన్నే ఎక్కిస్తుంది. పాత కెర్నెల్‌ని వేరే పేరుతో ఉంచి, గ్రబ్ మెనూలో దానికీ ఒక వరస పెట్టుకోండి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి, చేసింది కాగితం మీద రాసుకోండి. ఈసారి పానిక్ వస్తే ఫోనుతో తెరను ఫోటో తీసి, ఆ చివరి వాక్యం నెమ్మదిగా చదవండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.