అబిడ్స్ ఆదివారం సంత: పాత పుస్తకం కొనేముందు

(ఎం.సి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి)

తమ్ముళ్లారా, విద్యాసంవత్సరం మొదలైన ప్రతిసారీ మన హాస్టల్లో ఒకటే ప్రశ్న వినపడుతుంది. "అన్నా, ఏ పుస్తకం కొనాలి? తక్కువకు ఎక్కడ దొరుకుతుంది?" ఇంట్లో ముందు చదివినవాళ్లు ఉన్న పిల్లలకు ఈ ప్రశ్న అంతగా రాదు. అన్న చదివిన పుస్తకమో, మేనమామ దాచిన పుస్తకమో అలమరలో ఉంటుంది. మన ఇళ్లలో ఆ అలమర లేదు. మా నాయన పాలమూరు నుంచి వచ్చి గచ్చిబౌలి వైపు సెంట్రింగ్ పని చేశారు. ఆ కుటుంబంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేను. నాకు ఆ అలమర అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. డిగ్రీ మొదటి సంవత్సరం నుంచి అక్కడికి వెళ్తూ తెలుసుకున్నది ఈ వ్యాసంలో రాస్తున్నాను.

ముందుగా దారి. హైటెక్ సిటీ స్టేషన్లో నాంపల్లి వెళ్లే ఎం.ఎం.టి.ఎస్. ఎక్కితే చివరి స్టేషన్లో దిగి నడవవచ్చు. ఆదివారం బండ్లు తక్కువ కాబట్టి వేళ చూసుకుని బయలుదేరాలి. మెట్రోలో అయితే అమీర్‌పేటలో మారి నాంపల్లిలో దిగాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియా సంతతి ఆయన ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆ పేరే ఈ ప్రాంతానికి మిగిలింది. ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. ఆ మూసిన షట్టర్ల ముందు పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. వానొస్తే పట్టా కింద ఉన్నది పైకొస్తుంది, బేరం ఆగిపోతుంది. మామూలు రోజుల్లో కాలేజీ పుస్తకాలకు కోఠి ఎలాగూ ఉంది.

ఇక ఈ పుస్తకాలు అక్కడికి ఎలా వస్తాయో తెలుసుకుంటే బేరం సగం అర్థమైనట్టే. మన చుట్టూ ఉన్న మాదాపూర్, కొండాపూర్ అపార్టుమెంట్లలో ఉద్యోగం మారి ఊరు మారేవాళ్లు పుస్తకాలను పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేస్తారు. అవి చిత్తు కాగితాల దుకాణాల నుంచి చేతులు మారి ఫుట్‌పాత్ చేరతాయి. కిలోల లెక్కన వచ్చింది ఇక్కడ పుస్తకం లెక్కన అమ్ముడవుతుంది. అమ్మే ఆయన ప్రతి పుస్తకం చదివి ధర కట్టడు. దాని లావు, అట్ట, ఎంతమంది అడుగుతున్నారన్నది చూసి కడతాడు. అందుకే ఎనిమిది వందల పేజీల పనికిరాని పుస్తకానికి మూడు వందలు చెప్పిన మనిషే, పక్కనున్న సన్నని మంచి పుస్తకాన్ని నలభైకి ఇచ్చేస్తాడు.

కాబట్టి ఏ పుస్తకానికి వయసు వస్తుంది, ఏ పుస్తకానికి రాదు అన్నది మనకు తెలిసి ఉండాలి. ఈ వ్యాసంలో అసలు విషయం ఇదే.

మొదట కంప్యూటర్ పుస్తకాలు. సాఫ్ట్‌వేర్ పుస్తకాలన్నీ రెండేళ్లకే పాతబడతాయని మనవాళ్లలో ఒక భయం ఉంది. అది సగమే నిజం. సీ భాషను రూపొందించిన డెన్నిస్ రిచీ, బ్రయాన్ కెర్నిఘాన్‌తో కలిసి రాసిన పుస్తకం రెండో ఎడిషన్ 1988 నాటిది. ఇవాళ్టికీ సీ నేర్చుకోవడానికి అది పనికొస్తుంది. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథమేటిక్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ మూలసూత్రాలు కూడా అంతే. డేటాబేస్ పాఠాల్లో మనం చదివే రిలేషనల్ మోడల్‌ను కాడ్ ప్రతిపాదించింది 1970లో. ఇరవై ఏళ్ల కిందటి పుస్తకంలో నార్మలైజేషన్ చదివినా తప్పేమీ లేదు.

పాతబడేవి వేరే ఉన్నాయి. పైథాన్ పుస్తకం చేతికొస్తే మధ్యలో ఒక ప్రోగ్రాం తెరిచి చూడండి. ప్రింట్ అనే మాట తర్వాత బ్రాకెట్ లేకుండా నేరుగా వాక్యం ఉంటే అది పైథాన్ 2. దానికి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. ఆ ప్రోగ్రాములు ఇప్పటి పైథాన్‌లో ఉన్నవి ఉన్నట్టుగా నడవవు. జావా పుస్తకంలో ఆప్లెట్ల మీద అధ్యాయాలకు అధ్యాయాలు ఉండి, చివరి ఇండెక్సులో లాంబ్డా అన్న మాటే లేకపోతే, అది 2014లో వచ్చిన జావా 8 కంటే ముందుది అనుకోవచ్చు. సీ పుస్తకంలో ప్రతి ప్రోగ్రాం స్క్రీన్ తుడిచే ఆదేశంతో మొదలైతే అది టర్బో సీ రోజులది. అయితే లూపులు, పాయింటర్లు మారలేదు కాబట్టి ముప్పై రూపాయలకు వస్తే తీసుకోండి, వందకు వద్దు.

గ్రూప్స్ చదివే మిత్రులు మాకంటే జాగ్రత్తగా ఉండాలి. మాకు తప్పు పుస్తకం దొరికితే ప్రోగ్రాం నడవదు, వెంటనే తెలుస్తుంది. వాళ్లకు పరీక్ష హాల్లో తెలుస్తుంది. పాలిటీ పుస్తకం అయితే రాజ్యాంగ సవరణల పట్టిక తెరిచి చివరి సవరణ ఏదో చూడాలి. 101వ సవరణ జీఎస్టీది, 2016లో వచ్చింది. 103వది ఆర్థికంగా వెనుకబడినవారి రిజర్వేషన్, 2019. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ల కోసం 2023లో చేసింది 106వది. పట్టిక ఎక్కడ ఆగిందో పుస్తకం వయసు అక్కడ. ఎకానమీ పుస్తకంలో ప్రణాళికా సంఘం ఇంకా నడుస్తున్నట్టు రాసి ఉంటే, అది 2015లో నీతి ఆయోగ్ రాకముందుది. తెలంగాణలో 10 జిల్లాలే ఉంటే 2016 అక్టోబరుకు ముందుది. న్యాయశాస్త్రం పుస్తకాల్లో అయితే ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిందని మరచిపోవద్దు. సెక్షన్ల నంబర్లే మారిపోయాయి.

చరిత్రలో మాత్రం పాతదే బంగారం అనేవాళ్లు చాలామంది. ఆర్.ఎస్. శర్మ, బిపన్ చంద్ర రాసిన పాత ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాల కోసం సివిల్స్‌వాళ్లు ఇప్పటికీ తిరుగుతారు. ఈ సంగతి అమ్మేవాళ్లకు కూడా తెలుసు కాబట్టి అక్కడ బేరం అంత సులభంగా తెగదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాత డిగ్రీ పుస్తకాలు మాత్రం కుప్ప అడుగున పడి ఉంటాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు ఇంగ్లిషు పాఠం అర్థం కానప్పుడు అవే దిక్కయ్యాయి. గణితంలో, సంఖ్యాశాస్త్రంలో పారిభాషిక పదాలకు తెలుగు ఏమిటో అక్కడే దొరికింది.

కొనేముందు పుస్తకాన్ని చేతితో పరీక్షించాలి. పుస్తకం ఫారాలుగా అచ్చవుతుంది, సాధారణంగా ఫారానికి 16 పేజీలు. పేజీలు పోతే ఒకటీ రెండూ కాదు, ఒక్కోసారి ఫారమే పోతుంది. లేదా ఒకే ఫారం రెండుసార్లు కుట్టి ఉంటుంది. అందుకని పేజీ నంబర్లు గబగబా తిప్పి చూడాలి. చివర జవాబులు, ఇండెక్స్ ఉన్నాయో లేదో చూడాలి. అట్ట మెరిసిపోతూ లోపల అక్షరాలు అలుక్కుపోయి ఉంటే అది దొంగ అచ్చు. కథల పుస్తకమైతే కళ్లకే నష్టం, గణితమైతే ఘాతం ఏదో సబ్‌స్క్రిప్టు ఏదో తెలియక లెక్కే తప్పుతుంది. గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు ముద్ర లేకపోతే ఆ పుస్తకం నేను ముట్టుకోను. ఏదో ఊళ్లో మనలాంటివాడు దాని కోసం వెతికి ఉంటాడు.

పుస్తకం మీద రాతలు ఉంటే చాలామంది పక్కన పెట్టేస్తారు. నేను ముందు అవే చూస్తాను. డిగ్రీ రెండో సంవత్సరంలో డేటా స్ట్రక్చర్స్ పుస్తకం ఒకటి 60 రూపాయలకు కొన్నాను. అందులో నాలుగో అధ్యాయం దాకా ప్రతి కష్టమైన ఇంగ్లిషు మాట మీద పెన్సిలుతో సన్నగా తెలుగు అర్థం రాసి ఉంది. 'అడ్జసెంట్' మీద 'పక్కపక్కనే', 'ట్రావర్స్' మీద 'అన్నిటినీ తిరిగి రావడం'. ఎవరో తెలియదు. పేరు ఉన్న పేజీ చింపేసి ఉంది. కానీ నాలాగే తెలుగు మీడియంలో చదివి, నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్లని తెలిసిపోతోంది. నాలుగో అధ్యాయం తర్వాత ఒక్క రాత లేదు. చదువు మానేశారా, ఇంగ్లిషు వచ్చేసిందా, పుస్తకం అమ్ముకోవలసి వచ్చిందా అని చాలా రోజులు ఆలోచించాను. ఐదో అధ్యాయం నుంచి నేను రాయడం మొదలుపెట్టాను. క్లాసులో అడగడానికి సిగ్గుపడిన మాటలన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి.

అంబేడ్కర్ గారు న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు పాత పుస్తకాల దుకాణాలు తిరిగి దాదాపు రెండు వేల పుస్తకాలు కొన్నారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. 1917లో స్వదేశానికి వస్తూ సామాను వేరే ఓడలో పంపిస్తే, ఆ ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. తర్వాత ఆయన బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు పుస్తకాలకే పెద్ద చోటు ఇచ్చారు. స్కాలర్‌షిప్ మీద బతికే విద్యార్థి పాత పుస్తకాలు కొనడం చిన్నతనం అనుకునేవాళ్లు మనలో ఉన్నారు కాబట్టి ఇది చెప్పాను.

ఇలాంటి సంతలు ఎప్పటికీ ఉంటాయని అనుకోవడానికి లేదు. మద్రాసులో తెలుగువాళ్లు కూడా పాత పుస్తకాలు కొనుక్కున్న మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఢిల్లీ దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల సంతను 2019లో ఫుట్‌పాత్ నుంచి లేపేశారు, తర్వాత మహిళా హాట్‌లో చోటిచ్చారు. ఫుట్‌పాత్ మీది వ్యాపారానికి గోడలుండవు.

బేరం గురించి ఎక్కువ చెప్పను, అది అలవాటు మీద వస్తుంది. "కిత్నా భాయ్" అని మొదలుపెట్టి, కావలసిన పుస్తకాన్ని కాకుండా పక్కదాన్ని ముందు అడగడం మా రూమ్మేట్ పద్ధతి. నాకు అది చేతకాదు. నలుగురం కలిసి వెళ్లి ఒకరి దగ్గరే ఐదారు పుస్తకాలు తీస్తే ధర దానంతటదే దిగుతుంది. ఉదయం వెళ్తే పుస్తకాలు ఎక్కువ, సాయంత్రం సర్దేవేళ వెళ్తే ధర తక్కువ. సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన నెలలో పాఠ్యపుస్తకాలు బాగా వస్తాయి. చిల్లర తీసుకెళ్లండి. సిలబస్ కాగితం మడిచి జేబులో పెట్టుకోండి, కుప్ప ముందు కూర్చుంటే పుస్తకాల పేర్లన్నీ ఒకేలా కనపడతాయి.

ఇప్పటిదాకా నేను తెచ్చినవాటిలో పదకొండు పుస్తకాలు మన స్టడీ హాల్ అలమరలో కింది అరలో పెట్టాను. పైన చెప్పిన డేటా స్ట్రక్చర్స్ కూడా అందులోనే ఉంది. పక్కన నోటుబుక్కు వేలాడదీశాను, పేరు, తేదీ రాసి తీసుకెళ్లండి. ఎనిమిదో అధ్యాయంలో రెండు మూడు మాటలకు నాకు సరైన తెలుగు దొరకలేదు. అక్కడ ఖాళీ వదిలాను, తెలిసినవాళ్లు పెన్సిలుతోనే రాయండి.